గేర్‌బాక్స్ కట్టించాలా, మార్చాలా? కిలోమీటరు లెక్క ఏమంటోంది

పది టైర్ల లారీ ఒక రోజు షెడ్డు ముందు నిలిచిపోతే ఓనరు జేబులోంచి పోయేది దగ్గర దగ్గర 5,000 రూపాయలు. గేర్‌బాక్స్ పాడైనప్పుడు చాలామంది వేసుకోని లెక్క ఇది. స్పేర్లకు ఎంత, మేస్త్రికి ఎంత, కొత్త బాక్స్ అయితే ఎంత అని మూడు ధరలు కనుక్కుని, అందులో తక్కువదానికి తలూపేస్తారు. ఆ తక్కువ ధరే ఆఖరికి ఎక్కువ ఖర్చై కూర్చోవడం తరచూ జరిగేదే. ఒక్క బండి మీద ఇల్లు నడుపుకునే ఓనరుకు ఆ తేడా పిల్లల ఫీజంత ఉంటుంది. అందుకే అంకెలు కాస్త ఓపికగా చూద్దాం.

ముందే ఒక మాట. ఇక్కడ వాడే ధరలు లెక్క అర్థం కావడానికి పెట్టుకున్నవి. మీ ఊళ్లో, మీ మోడల్‌కు అవి అటూ ఇటూ ఉంటాయి. మీకు వచ్చిన కొటేషన్లు వాటి స్థానంలో వేసుకోండి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆరేళ్ల లారీ, సరుకుతో కలిపి 28 టన్నులది అనుకుందాం. ఏడాదికి 60,000 కిలోమీటర్లు తిరుగుతుంది. దాని మీద 15 లక్షల అప్పు, 14 శాతం వడ్డీ, 48 నెలల గడువు. నెల కిస్తీ సుమారు 41,000 పడుతుంది, అంటే రోజుకు 1,370. డ్రైవరు జీతం నెలకు 24,000 చొప్పున రోజుకు 800. ఇన్సూరెన్స్, పన్ను, పర్మిట్ కలిపి ఏడాదికి 90,000 అనుకుంటే రోజుకు 250. ఇందులో ఇన్సూరెన్స్ భారం చిన్నదేమీ కాదు. 20 టన్నులు దాటి 40 టన్నుల లోపున్న సరుకు వాహనానికి 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ ప్రీమియం ఒక్కటే ఏడాదికి 43,950 రూపాయలు. కిస్తీ, జీతం, ఇన్సూరెన్స్ బాపతు మూడూ కలిపి రోజుకు 2,420. బండి కదిలినా కదలకపోయినా ఈ ఖర్చు ఆగదు. దీనికి తోడు డీజిల్, టోల్, టైర్లతో పాటు ఈ ఖర్చూ పోను కిరాయిలో రోజుకు 2,500 మిగులుతుందనుకుంటే అదీ రాదు. మొత్తం 4,920. గుండ్రంగా 5,000 అందాం.

పోయింది నిజంగా బాక్సేనా

బాక్స్ దించడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. గేర్లు పట్టడం లేదని, చప్పుడు వస్తోందని షెడ్డుకు వచ్చే ప్రతి బండికీ బాక్స్ పోయి ఉండదు. క్లచ్ పూర్తిగా విడవకపోయినా గేరు పట్టదు. హైడ్రాలిక్ లైన్‌లో గాలి చేరినా, గేరు కేబుల్ సాగినా, లింకేజీ వదులైనా అంతే. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసో, సెంటర్ బేరింగో పోతే ఆ మోత కూడా బాక్స్‌లోంచే వస్తున్నట్టు వినిపిస్తుంది. వీటిలో ఏదైనా కొన్ని వేల రూపాయలతో పోయేదే.

చప్పుడు ఎప్పుడు వస్తోందన్నదే చాలావరకు జాడ చెబుతుంది. బండి న్యూట్రల్‌లో ఉంచి ఇంజిన్ నడపండి. కాలు క్లచ్ మీద లేనప్పుడు మోత వచ్చి, పెడల్ తొక్కగానే ఆగిపోతే క్లచ్ షాఫ్ట్ బేరింగ్ మీదో లే షాఫ్ట్ బేరింగుల మీదో అనుమానం పెట్టుకోవాలి. న్యూట్రల్‌లో తిరుగుతూ, పెడల్ తొక్కితే ఆగేవి అవే. పెడల్ తొక్కినప్పుడే మోత మొదలైతే అది రిలీజ్ బేరింగ్, బాక్స్‌కు సంబంధం లేదు. ఒకే ఒక్క గేరులో మోత వస్తే ఆ గేరు జతలో లోపం. అన్ని గేర్లలోనూ ఉండి, డైరెక్ట్ గేరులో మాత్రం తగ్గితే లే షాఫ్ట్ వైపు చూడాలి. డైరెక్ట్ గేరులో బలం తిన్నగా మెయిన్ షాఫ్ట్‌కు పోతుంది కాబట్టి లే షాఫ్ట్ ఊరికే తిరుగుతుంది, దాని మీద బరువు పడదు. గేరు జారి న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంటే స్లీవు పళ్లు అరిగి ఉండొచ్చు, లోపలి స్ప్రింగులు చచ్చి ఉండొచ్చు, షాఫ్ట్‌కు ముందూ వెనకా ఆట వచ్చి ఉండొచ్చు.

ఆ తర్వాత ఆయిల్ దించండి. డ్రెయిన్ ప్లగ్‌కు ఉండే అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల. పసుపు పచ్చగా మెరిసే పొడి కనిపిస్తే సింక్రో కోన్లు అరుగుతున్నాయి. చేతికి గుచ్చుకునే ఉక్కు ముక్కలు దొరికితే మాత్రం ఆ బండి ఇంకో లోడుకు పోకూడదు. 'ఈ ఒక్క ట్రిప్పు కొట్టి వచ్చాక చూద్దాం' అనుకుంటేనే 40,000 రూపాయల పని లక్షన్నరకు పోతుంది. రాలిన ముక్క ఆయిల్‌తో పాటు తిరిగి మిగతా పళ్ల మధ్య పడుతుంది, బేరింగుల్లోకి దూరుతుంది.

ఇంకో రెండు కాగితాలు చూసుకోవాలి. కొన్ని కంపెనీలు భారీ లారీల ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిల్‌కు 6 ఏళ్లు లేదా 6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇచ్చాయి. బండి చేతులు మారినా గడువు మిగిలి ఉండొచ్చు, డీలరును అడిగితే తెలుస్తుంది. ఇన్సూరెన్స్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. మామూలు మోటారు పాలసీలో అరుగుదలకు, యంత్ర లోపానికి పరిహారం ఉండదు. యాక్సిడెంట్‌లో బాక్స్ దెబ్బతింటే వేరే సంగతి.

బరువు తినే ఆయుష్షు

బాక్స్ ఎందుకు పోయిందో తేలకుండా ఏం చేయించినా డబ్బు దండగే. కారణాల్లో మొదటిది ఓవర్‌లోడ్. బేరింగుల ఆయుష్షుకు ఇంజినీర్లు వాడే ఒక సూత్రం ఉంది. రోలర్ బేరింగ్ మీద బరువు పెరిగితే ఆయుష్షు ఆ నిష్పత్తిలో తగ్గి ఊరుకోదు, అంతకన్నా చాలా ఎక్కువగా పడిపోతుంది. లెక్క కట్టి చూస్తే, బేరింగ్ మీద బరువు 20 శాతం పెరిగితే ఆయుష్షు 54 శాతానికి దిగుతుంది. 30 శాతం పెరిగితే 42 శాతమే మిగులుతుంది. 2 లక్షల కిలోమీటర్లు రావాల్సిన బేరింగ్ 84,000కే చేతులెత్తేస్తుందన్నమాట. చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మలు మోసే బండ్లు, ఘాట్ రోడ్ల మీద తిరిగే బండ్లు కింది గేర్లలో ఎక్కువ సేపు లాగుతాయి. బాక్స్‌లో పళ్ల మీద, బేరింగుల మీద అత్యధిక ఒత్తిడి పడేది ఆ గేర్లలోనే.

2018 జూలైలో కేంద్రం యాక్సిల్ బరువు పరిమితి పెంచింది. అప్పటిదాకా 25 టన్నులుగా ఉన్న మూడు యాక్సిళ్ల లారీ 28 టన్నుల తరగతికి వచ్చింది. 25 టన్నుల కాలంలో తయారైన బాక్స్‌తో 28 టన్నులు, ఆపైన ఇంకో నాలుగు టన్నులు లాగిస్తుంటే, కొత్త బాక్స్ పెట్టించినా కథ మళ్లీ మొదటికే వస్తుంది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్ జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000. ఆ జరిమానా రసీదు మీద కనిపిస్తుంది. బాక్స్ కట్టే జరిమానా మాత్రం ఏడాది తర్వాత గానీ తెలియదు.

రెండో కారణం ఆయిల్. సింక్రోమెష్ బాక్సులకు కంపెనీలు సాధారణంగా జీఎల్-4 రకం 80డబ్ల్యూ-90 ఆయిల్ చెబుతాయి. షెడ్డులో డిఫరెన్షియల్ కోసం తెచ్చిన జీఎల్-5 డబ్బా ఉంటుంది, అదే ఇందులోనూ పోసేస్తారు. జీఎల్-5లో గంధకం కలిసిన రసాయనాల పాళ్లు ఎక్కువ. అవి ఇత్తడి కోన్లను తినేస్తాయి. మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉందో చూసి, ఆ డబ్బా మీరే కొని ఇవ్వండి.

ఐదు దారులు

బాక్స్ విప్పాక ఓనరు ముందు ఐదు దారులుంటాయి.

మొదటిది, పోయినంత వరకే బాగు చేయించడం. రెండు బేరింగులు, ఒక కోను, సీళ్లు మార్చి మళ్లీ ఎక్కించడం. 35,000 రూపాయలు, మూడు రోజులు. నిలిచిన రోజులకు 15,000 కలిపితే 50,000. మిగతా భాగాలన్నీ పాతవే కాబట్టి 50,000 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. కిలోమీటరుకు రూపాయి పడింది.

రెండోది, బాక్స్ పూర్తిగా కట్టించడం. బేరింగులన్నీ కలిపి 28,000, రెండు గేరు జతలు 34,000, కోన్లు, స్లీవులు 18,000, సీళ్లు, ఫోర్కులు, ఆయిల్ 10,000, మేస్త్రి కూలి 20,000. మొత్తం 1.10 లక్షలు. స్పేర్లు వెతకడంతో సహా ఆరు రోజులు, అంటే 30,000. కలిపి 1.40 లక్షలు. 2 లక్షల కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 70 పైసలు.

మూడోది, కంపెనీ ఎక్స్ఛేంజ్ బాక్స్. పాతది ఇచ్చి, ఫ్యాక్టరీ పద్ధతిలో తిరిగి తయారుచేసినది తెచ్చుకోవడం. టాటా మోటార్స్ ప్రోలైఫ్ పేరుతో ఇలాంటి పథకం నడుపుతోంది. ధర 1.60 లక్షలు, స్టాకు ఉంటే రెండు రోజులు. కలిపి 1.70 లక్షలు. 3 లక్షల కిలోమీటర్లకు కిలోమీటరుకు 57 పైసలు.

నాలుగోది, సరికొత్త బాక్స్. పన్నుకు ముందు ధర 2.50 లక్షలు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే కాబట్టి పన్ను 45,000. అంతకుముందు 28 శాతం లెక్కన 70,000 అయ్యేది. ఈ 25,000 తగ్గుదల కొత్త బాక్స్‌ను కొంచెం అందుబాటులోకి తెచ్చింది. పన్ను వెనక్కి తీసుకునే వీలు లేని చిన్న ఓనరుకు ఇది నికరమైన మిగులు. రెండు రోజుల నిలుపుదలతో 3.05 లక్షలు, 5 లక్షల కిలోమీటర్లు, కిలోమీటరుకు 61 పైసలు.

ఐదోది పాత బండ్లు విప్పే యార్డులో దొరికే బాక్స్. దాని సంగతి వేరే చెప్పాలి, కాసేపట్లో వస్తాను.

ఈ పైసలు చూసి ఎక్స్ఛేంజే మేలని తేల్చేయకండి. 57 పైసలు అనేది ఆ 3 లక్షల కిలోమీటర్లూ మీరే తిరిగితే వచ్చే అంకె. బండిని రెండేళ్లలో అమ్మేస్తే మీరు తిరిగేది 1.20 లక్షల కిలోమీటర్లే. అప్పుడు పూర్తిగా కట్టించినా సరిపోతుంది, ఎక్స్ఛేంజ్ అయినా సరిపోతుంది. కాబట్టి 1.40 లక్షలకు అయ్యే పనికి 1.70 లక్షలు పెట్టడం అనవసరం. 35,000 బాపతు చిన్న రిపేరు ఆ దూరంలో మూడుసార్లు చేయించాలి, 1.50 లక్షలు. కొత్త బాక్స్‌కు పెట్టే 3.05 లక్షల్లో సగానికి పైగా ఫలం కొన్నవాడికి పోతుంది. 'బాక్స్ కొత్తది' అన్నందుకు సెకండ్ హ్యాండ్ బేరంలో ఆ డబ్బు తిరిగి వస్తుందని నేను అనుకోను. కొనేవాళ్లు చూసేది మోడల్ ఏడాది, టైర్లు, ఇంజిన్ పొగ, ఫిట్‌నెస్.

అదే ఐదేళ్లు ఉంచుకుంటే తిరిగేది 3 లక్షల కిలోమీటర్లు. చిన్న రిపేర్లు ఆరుసార్లు, 3 లక్షలు. పూర్తిగా కట్టించడం రెండుసార్లు, 2.80 లక్షలు. ఎక్స్ఛేంజ్ ఒక్కసారి, 1.70 లక్షలు. తేడా లక్షకు పైనే.

గీత ఎక్కడ పడుతుందో ఇప్పుడు తెలుస్తుంది. కట్టించిన బాక్స్ నడిచే 2 లక్షల కిలోమీటర్లు అంటే ఈ బండికి 3 ఏళ్ల 4 నెలలు. అంతలోపు బండి అమ్మేసేవారికి కట్టించడం లాభం. ఆపైన ఉంచుకునేవారికి మార్చడం లాభం. బండి వయసు 8 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటా చేయించాలని కూడా గుర్తుంచుకోండి. అప్పటిదాకా రెండేళ్లకోసారి చాలు. ఎన్నాళ్లు ఉంచుకోవాలనే నిర్ణయంలో దానికీ చోటుంది.

షెడ్లలో ఒక మాట వినిపిస్తుంటుంది, రిపేరు ఖర్చు మార్చే ఖర్చులో సగం దాటితే మార్చేయమని. మన లెక్కలో ఆ సగం అందరికీ ఒకటి కాదు. ఐదేళ్లు ఉంచుకునేవారు కిలోమీటరుకు 57 పైసలతో పోల్చుకుంటే కట్టించే బిల్లు 83,000 దాటకూడదు. అది ఎక్స్ఛేంజ్ ధరలో 52 శాతం. రెండేళ్లలో అమ్మేవారైతే 1.40 లక్షల బిల్లు దాకా కట్టించుకోవచ్చు. అది 87.5 శాతం. ఒకే బాక్స్, ఒకే మేస్త్రి, ఒకే రోజు ఇచ్చిన కొటేషన్‌కు ఇద్దరు ఓనర్లకు రెండు సరైన జవాబులు ఉండటానికి కారణం ఇదే. పక్క బండి ఆయన ఏం చేశాడన్నది మీకు లెక్క కాదు.

నిరీక్షణకూ హద్దుంది. ఎక్స్ఛేంజ్ బాక్స్ స్టాకు లేదు, పది రోజులు ఆగమంటే నిలుపుదల ఖర్చు 50,000 అవుతుంది. మొత్తం 2.10 లక్షలు, కిలోమీటరుకు సరిగ్గా 70 పైసలు. కట్టించడంతో సమానమైపోయింది. పదో రోజు దాటితే ఆగడంలో అర్థం లేదు.

అప్పు తెచ్చి చేయిస్తే? రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, ఏడాదిలో నెలనెలా సమానంగా అసలు తీరుస్తారనుకుందాం. 1.10 లక్షలకు వడ్డీ 14,300, 1.60 లక్షలకు 20,800. తేడా 6,500. ఐదేళ్ల లెక్కలో తేలిన లక్ష పైచిలుకు ముందు అది చిన్నదే. చేతిలో డబ్బు లేదన్న ఒక్క కారణంతో చిన్న రిపేరుకు దిగేవారు ఈ అంకెను ఒకసారి కాగితం మీద రాసుకోవాలి.

యార్డు బాక్స్

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట వెతికితే మీ మోడల్‌కు సరిపోయే వాడిన బాక్స్ దొరకడం కష్టమేమీ కాదు. 75,000కు దొరికి రెండు రోజుల్లో ఎక్కిందనుకుందాం, 85,000. బాగా నడిస్తే ఇంతకన్నా చౌక లేదు. నడవకపోతే మళ్లీ దించి పూర్తిగా కట్టించాలి, ఇంకో 1.40 లక్షలు. దారిలో నిలిచిపోతే లాక్కొచ్చే ఖర్చు, సరుకు ఆలస్యం కింద మరో 25,000 వేసుకోండి. అంటే విఫలమైతే పడే దెబ్బ 1.65 లక్షలు. ముందే కట్టించి ఉంటే అయ్యేది 1.40 లక్షలు కదా, అందులో 85,000 తీసేస్తే మీ చేతిలో ఉన్న జాగా 55,000. దాన్ని 1.65 లక్షలతో భాగిస్తే మూడో వంతు. ఇలాంటి బాక్సులు మూడింటిలో ఒకటి కన్నా తక్కువే చెడిపోతాయని నమ్మకం ఉంటేనే కొనాలి. ఆ బాక్స్ ఎక్కడి బండిది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎందుకు విప్పారు అన్నవాటికి జవాబు లేనప్పుడు అంత నమ్మకం పెట్టుకోవడం నా వల్ల కాదు. పైమూత తీసి పళ్లు చూపించి, షాఫ్ట్ ఆట చూపించి, బిల్లు మీద బాక్స్ నంబరు రాసిచ్చే యార్డు అయితే ఆలోచించవచ్చు.

ఇంజిన్ మారిస్తే ఆర్సీలో కొత్త నంబరు నమోదు చేయించాలి. గేర్‌బాక్స్ నంబరు ఆర్సీలో ఉండదు కాబట్టి ఆ పని లేదు. అందువల్లే దొంగ సరుకు చేతులు మారడమూ తేలిక. బిల్లు లేని బాక్స్ ఎంత చౌకైనా వద్దు.

లెక్క ఏం చెప్పినా కట్టించకూడని సందర్భాలు రెండు ఉన్నాయి. కేసింగ్ పగిలితే వెల్డింగ్ చేయించి నడిపేవాళ్లున్నారు. వేడికి కేసింగ్ వంగిందంటే షాఫ్టుల వరస తప్పుతుంది, కొత్త బేరింగులు కూడా నిలవవు. బేరింగ్ కూర్చునే బోరు అరిగి, చేత్తో నెడితే బేరింగ్ లోపలికి పోతుంటే అదీ అంతే. ఇవి కాక, మెయిన్ షాఫ్ట్, లే షాఫ్ట్ రెండూ పోతే మన ఉదాహరణ బిల్లుకు ఇంకో 45,000 కలిసి 1.55 లక్షలవుతుంది. అప్పుడు ఎక్స్ఛేంజ్‌కూ దానికీ మిగిలే తేడా 5,000, అంటే ఒక్క రోజు నిలుపుదల.

కట్టించాలని తేలితే సగం పని చేయించవద్దు. బాక్స్ దించి ఎక్కించే కూలి ఒకటే. ఒక పాత బేరింగ్ అట్టే పెడితే మిగిలేది నాలుగైదు వేలు. అది పోయిన రోజు మళ్లీ మొత్తం దించాలి. ఒకదానితో ఒకటి కలిసి తిరిగే గేర్లను జతగానే మార్చాలి. కొత్త పన్ను అరిగిన పన్నుతో కలిస్తే మోత, ఆపైన కొత్తదీ తొందరగా అరగడం. క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ చివరి దశలో ఉంటే అప్పుడే మార్చేయండి, ఆ పనికీ బాక్స్ దించక తప్పదు. తీసేసిన పాత భాగాలన్నీ అడిగి తీసుకోండి. గ్యారంటీ నోటిమాటగా కాకుండా బిల్లు వెనక రాయించుకోండి: ఎన్ని నెలలు, స్పేర్లకా, కూలికా, రెంటికీనా.

ఎక్స్ఛేంజ్ వైపు మొగ్గేవారు ఇంకో జాగ్రత్త పడాలి. పాత బాక్స్ కేసింగ్ పగిలినా, లోపలి భాగాలు తక్కువైనా కంపెనీ ధరలో కోత పెట్టొచ్చు, అసలు తీసుకోకపోనూవచ్చు. అందుకని మేస్త్రి చేతికి స్పానర్ ఇచ్చే ముందే డీలరుకు ఫోన్ చేసి ఎక్స్ఛేంజ్ ధర, స్టాకు ఉందో లేదో, పాత బాక్స్ ఏ స్థితిలో ఉండాలో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ కాగితం పక్కన ఈ బండిని ఇంకా ఎన్నాళ్లు ఉంచుకుంటారో రాయండి. మేస్త్రితో మాట ఆ తర్వాతే మొదలుపెట్టండి.